ఎడమచేత్తో నింపిన ఫారం

ఆ రోజుల్లో ఉద్యోగం మీద కంటే, ఉద్యోగం ఊడుతుందన్న దాని మీదే నాకు నమ్మకం ఎక్కువ. గల్ఫ్‌లో, లుసైల్ అనే ఊళ్ళో టవర్లు కట్టే ఒక కంపెనీలో డ్రాయింగులు సరిచూసే పని నాది. సెక్షన్లో పన్నెండుమందిమి ఉండేవాళ్ళం. ఒక వేసవిలో ఇద్దర్ని ఇంటికి పంపారు. వాళ్ళ పని మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, మా బల్లల మీదికే వచ్చింది. (వాళ్ళ కుర్చీలు కూడా తీసేశారు, మేం కాళ్ళు చాపుకుంటామనేమో.) అప్పట్నుంచీ ఎవరు తలుపు తీసినా నాకోసమే అనుకునేవాణ్ణి. సరిగ్గా నిద్ర లేదు, పొద్దున లేస్తే కడుపులో మంట, దానికితోడు ఎడమకన్ను అదరడం. మగవాడికి ఎడమకన్ను అదిరితే కీడని మా అమ్మమ్మ చెప్పింది కదా, నిద్రలేక అదురుతోందన్న ఆలోచనే రాలేదు. మూడోవాణ్ణి నేనేనని ఖాయం చేసుకున్నాను. ఆ బెంగలో టవర్ డ్రాయింగు తీసుకెళ్ళి మెసయీద్‌లో కడుతున్న గోడౌను ఫైల్లో పెట్టి పంపాను. "గోడౌనుకు ఇరవై అంతస్తులెందుకు?" అని అక్కడి సైటువాళ్ళడిగితే, ఆ ప్రశ్నలోనూ నాకు కుట్రే కనిపించింది.

సరిగ్గా అప్పుడే మేనేజర్‌గారు ఫారాలు పంచారు. ఆయనది హైదరాబాదు, అయినా ఆఫీసులో ఆయన నోట ఒక్క తెలుగు ముక్క విని ఎరగం. పని ఒత్తిడి ఎలా ఉంది, నిద్ర పడుతోందా, ఒంట్లో బాగుంటోందా అని అందులో పది ప్రశ్నలు. అడుగున, పేరు రాయనక్కర్లేదని ఒక మాట. ఆ మాటతోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఉమ్ ఘువైలినాలో నేనుండే గదిలో రూమ్మేటు, మా సెక్షన్‌వాడే, కరీంనగర్ అన్న. ఆ ఫారాన్ని వెలుతురుకు అడ్డంపెట్టి మరీ చూశాడు.

"పేరు వద్దన్నరంటే గదే ఉచ్చు తమ్మీ. నిద్ర పడ్తలేదని రాసినోన్నే ముందుగాల పంపిస్తరు. అన్నీ మంచిగున్నయని కొట్టు, యల్లా, జల్ది!"

"దస్తూరి పట్టేస్తారేమో అన్నా?"

"ఎడమచేత్తోని కొట్టు."

ఇంజినీరింగు కాలేజీలో ఒకరి రికార్డు చూసి ఒకరం దించిన చేతులు కదా మావి! ఆ శుక్రవారం సెలవునాడు సెక్షన్లోని తెలుగువాళ్ళం ఏడుగురం మా గదిలో చేరి, ఒకే ఫారం చూసి అందరం దించేశాం. నిద్ర ఎనిమిది గంటలు. ఒత్తిడి లేదు. ఆరోగ్యం దివ్యం. (మిగతా ముగ్గురు మలయాళీలు ఏం రాశారో చెప్పలేదు. అదొక అనుమానం.)

ఆదివారం ఆఫీసు తెరవగానే మేనేజర్‌గారు నన్నే పిలిచారు, గోడౌనుకు ఇరవై అంతస్తులు పంపినవాణ్ణి కదా.

"కూర్చో" అన్నారు. తెలుగులో! ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో తిట్టిన మనిషి తెలుగులోకి దిగాడంటే ఇక వీడ్కోలే అనుకున్నాను. ఎడమకన్ను టపటపా కొట్టుకుంది.

"నాకు కన్ను కొడ్తున్నవా?"

"లేదు సార్, అదే కొట్టుకుంటోంది."

ఆయన ఏడు ఫారాలు బల్లమీద పరిచారు. "ఏడుగురు ఎనిమిది గంటలు పడుకుంటున్నరు. ఏడుగురి రాత కోడి కెలికినట్టున్నది. పోయిన ఇద్దరి జాగాల మనుషుల్ని ఇయ్యమని నేను నెలసంది పైవాళ్ళతోని కొట్లాడుతున్న. మీ కష్టం కాయితం మీద చూపెట్టమన్నరు. ఇవి చూపెడితే ఇంకో సైట్ పని కూడ మీ నెత్తినే పెడ్తరు!"

సొరుగు లాగి మాత్ర ఒకటి వేసుకున్నారు. కడుపుమంటకు నేను వాడే మాత్రే, అదే అట్ట. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆయన కొత్త ఫారం ఇచ్చి, నిజం రాయమన్నారు. (ఇదే అసలు ఉచ్చేమోనని బాత్రూంలో పావుగంట ఆలోచించాను, మీ దగ్గర దాచడమెందుకు.) చివరికి కుడిచేత్తోనే రాశాను, పేరుతో సహా. మిగతా ఆరుగురూ నాది చూసి దించారు, కడుపుమంట ఉన్నవాడూ లేనివాడూ కూడా. మూడు నెలలకు ఆ ఇద్దరి బదులు ఒక మనిషి వచ్చాడు. కన్ను అదరడం ఎప్పుడాగిందో గమనించనేలేదు.

ఇప్పుడు ఆ మేనేజర్ కుర్చీలో నేనున్నాను. మొన్న నేనూ ఫారాలు పంచాను. అందరూ దివ్యంగా ఉన్నారట. కొత్తగా చేరిన కాకినాడ అమ్మాయికి మాత్రం కుడికన్ను అదురుతోంది. (ఆడవాళ్ళకు కీడు అదే.) పిలిచి, "నిద్ర పడుతోందా అమ్మా?" అని తెలుగులోనే అడిగాను.

"బాగా పడుతోందండి. ఎందుకండీ అడుగుతున్నారు?"

సొరుగు తీసి నా కడుపుమంట మాత్రల అట్ట చూపించాను. ఆ అమ్మాయి అట్టవంకా, నావంకా, తలుపువంకా చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ఒకప్పుడు నాదే. నవ్వొచ్చింది, జాలీ వేసింది. కొత్త ఫారం ముందుకు జరిపి, పెన్ను ఆమె కుడిచేతి వైపు పెట్టాను.