రాందాస్ ఎదుటి గోడ

గోడకు బొమ్మ అతికించే ముందు రూప్లి ప్రతిసారీ ఆ చోటును అరచేత్తో తుడుస్తుంది. ఎర్రమన్ను పూసిన గోడ. ఎంత తుడిచినా మన్ను రాలుతూనే ఉంటుంది. అయినా తుడుస్తుంది.

మొదటి కడుపప్పుడు అత్త, వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుణ్ణి తెచ్చి మంచానికి ఎదురుగా అతికించమంది. చూలాలు ఏ బొమ్మను చూస్తే బిడ్డ ఆ పోలికతో పుడుతుందని తండాలో నమ్మకం. లాలి పుట్టింది. రెండోసారికి దమ్మపేట సంతలో కృష్ణుడి బొమ్మలు అడుగున పడిపోయి, బుగ్గలు ఉబ్బిన తెల్లటి పాప పైకి వచ్చింది. దాన్నే తెచ్చారు. ఆ బిడ్డ నిలవలేదు. బొమ్మ మాత్రం వెలిసిపోయేదాకా గోడ మీదే ఉంది.

2004లో, మూడో కడుపప్పుడు, రూప్లి తానే సంతకు పోయింది. బొమ్మలమ్మే కిషన్‌లాల్ ఆమెను చూడగానే తెల్లపాపను తీశాడు. ఆమె పక్క బొమ్మను చూపించింది. రెండు జడలు, టై, భుజాన బ్యాగు, బడికి పోతున్న పిల్ల.

"ఇప్పుడందరు గదే అడుగుతున్నరు. కానీ చెల్లే, కడుపుల పిల్లకు బ్యాగెందుకు?"

"కడుపుల దానికి కాదన్నా. మా లాలి నాయనకు."

మిరప కోతలు దగ్గరపడ్డాయి. ఈసారి లాలిని బడి మాన్పించి కోతకు తీసుకుపోదామని భర్త రాందాస్ అంటున్నాడు. రూప్లి ఆ వయసులోనే కోతకు పోయింది. అప్పుడు పిల్లంటే ఇంకో రెండు చేతులు, అంతే.

బొమ్మను ఆమె మంచం ఎదుట పెట్టలేదు. రాందాస్ కూర్చుని తినే చోటికి ఎదురుగా అతికించింది. ముద్ద ఎత్తినప్పుడల్లా అతనికి ఆ పిల్ల కనబడాలి.

"నేనేమన్న కంటున్ననా? తీసెయ్," అన్నాడతను కొన్నాళ్లకు.

"నువ్వు చూస్తేనే లాలి గట్ల అయితది."

"నా కొడుక్కు నెల తప్పినట్టుంది," అని అత్త నవ్వింది.

ఆ సాయంత్రమే కూలీలను కూడగట్టే మేస్త్రీ వచ్చాడు.

"తెల్లారి ట్రాక్టర్ వస్తది. మీ ఇంట్ల ఎందరు?"

"ముగ్గురం," అన్నాడు రాందాస్, గోడవైపు చూడకుండా.

"ఇద్దరం," అంది రూప్లి. "ముగ్గురమంటే నేను రాను."

"తెల్లారి చూద్దాం తియ్," అని మేస్త్రీ వెళ్లిపోయాడు.

తెల్లవారి ట్రాక్టర్ తండా మొదట్లో ఆగి హారన్ కొట్టింది. రూప్లి లాలి చెయ్యి పట్టుకుని దాని పక్కనుంచే నడిచింది. మేస్త్రీ పిలిచాడు. ఎక్కి కూర్చున్న రాందాస్ పిలిచాడు. ఆమె ఆగలేదు. బడి ఇంకా తెరవలేదు. సార్ వచ్చేదాకా గేటు ముందు రాయి మీద కూర్చుంది. లాలి లోపలికి పోయాక కొంగు నడుముకు దోపుకుని, ఒక్కతే నడుచుకుంటూ మిరప చేను దారి పట్టింది.