గోల్ వదిలి వెళ్ళిన ఉదయం

ఆ ఏడు మా విజయనగరం కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి నేను గోల్‌కీపర్‌ని. అందులో నా గొప్పేమీ లేదు. అంతకుముందు గోల్‌లో నిలబడే అతను రైల్వేలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, అందరిలోకీ పొడుగ్గా ఉన్నానని మా డ్రిల్లు మాస్టారు నన్ను నిలబెట్టారు. సొంత ఊళ్ళో ఆడిన రెండు ఆటలూ ఓడిపోయాం. విశాఖపట్నం వెళ్ళి ఇంకొకటి ఓడి వచ్చాం. వానకి తడిసిన తోలు బంతి ఇటుకలా బరువెక్కేది. అది నా చేతుల్లోంచి జారి వెనక్కి పోతుంటే చూస్తూ నిలబడడం నాకు అలవాటైపోయింది.

ఆఖరి ఆట శ్రీకాకుళంలో, అక్కడి కాలేజీ జట్టుతో. ముందురోజు ప్యాసింజర్‌లో ఆమదాలవలస దాకా వెళ్ళి, బస్సు పట్టుకుని ఊరు చేరాం. ఒక స్కూలు గదిలో బెంచీలు కలుపుకుని పడుకున్నాం. శనివారం ఉదయం ఏడున్నరకి ఆట మొదలైంది.

ఎలా జరిగిందో గాని, మొదటి సగంలోనే మేమొక గోల్ వేశాం. ఆ ఏడంతా మేము ముందున్నది అదే మొదటిసారి. సగం ఆట అయ్యాక మా కెప్టెన్ నా దగ్గరకొచ్చి, “ఒరే, ఇంక నీ సేతుల్లో ఉన్నాది. బంతి పట్టుకోడానికి సూడకు. గుద్దీయ్” అన్నాడు.

వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ బక్కపలచటి కుర్రాడు, పొందూరు దగ్గర పల్లెటూరివాడు. ఇంకో ఇరవై నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మా వెనకవాళ్ళని దాటుకుని ఒంటరిగా నా మీదికి వచ్చేశాడు. బంతి ఇద్దరికీ మధ్యన ఉంది. నేను ముందుకు దూకాను. బంతి నా చేతులకి తగిలింది, నా మోకాలు అతని కణతకి తగిలింది. అతను పడిపోయి మరి లేవలేదు.

తల నా ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చల్లాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని చూపు లేదు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి గట్టు మీంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ కుర్రాడి తండ్రి. కొడుకు ఆట చూడ్డానికి రావడం అదే మొదటిసారట.

రిక్షా వచ్చింది. నేను లేవబోతే ఆయన, “బావూ, ఆ తల అలాగే పట్టుకుని రా. ఒగ్గీకు” అన్నాడు.

“ఒరే, నువ్విప్పుడెల్లిపోతే గోల్‌లో ఎవుడుంటాడు?” అన్నాడు కెప్టెన్.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన వెళ్ళమని చెయ్యి ఊపారు.

ఆసుపత్రిలో డాక్టరు అతని కళ్ళలోకి లైటు వేసి చూసి, వాంతి అయితే వెంటనే పిలవమన్నారు. సాయంత్రం దాకా చూస్తే గాని ఏమీ చెప్పలేనన్నారు. వరండాలో ఆ తండ్రి ముందు నిలబడి, “నా మోకాలే తగిలిందండి” అన్నాను.

“సూసాను. నువ్వూ బంతి కోసమే వచ్చావు, ఆడూ బంతి కోసమే వచ్చాడు.” బెంచీ మీద పక్కకి జరిగాడు. “ముందు కూకో.”

అరగంటకి ఆ కుర్రాడికి తెలివొచ్చింది. “ఆట అయిపోనాదేటి?” అని అడిగాడు.

“తెలీదు. నేనూ మధ్యలో వచ్చేశాను” అన్నాను.

సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. కొంతసేపటికి తెరిచి, అదే గొంతుతో, “ఆట అయిపోనాదేటి?” అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. అలా ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే అడిగేవాడు. వాళ్ళ నాన్న తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇతను ఇక ఇలాగే ఉండిపోతే ఏం చెయ్యాలి అన్నదొక్కటే నా ఆలోచన.

మధ్యాహ్నం రెండు దాటాక చాలాసేపు ఏమీ అడగలేదు. తర్వాత మెల్లిగా తల తిప్పి, “అయ్యా, ఆకలేస్తంది” అన్నాడు. ఆ తర్వాత నా వంక చూసి, “ఈడు ఆళ్ళ గోల్‌కీపరు కదేటి. ఇక్కడెందుకున్నాడు?” అన్నాడు.

తండ్రి నవ్వాడు. నవ్వుతూనే తలపాగా గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను బయటికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనిపించలేదు. డాక్టరు మళ్ళీ వచ్చి చూసి, ఇక భయం లేదన్నాకే అక్కడి నుంచి కదిలాను.

బస్టాండులో మావాళ్ళు నా కోసం ఆగి ఉన్నారు. కెప్టెన్ ఎదురొచ్చి, “ఎలాగున్నాడు?” అని అడిగాడు.

“అన్నం తింటున్నాడు.”

“మంచిదిరా” అన్నాడు. నా బదులు తనే గోల్‌లో నిలబడ్డాననీ, చివర్లో ఒక గోల్ వదిలేశాననీ, ఒకటీ ఒకటీగా ఆట ముగిసిందనీ తర్వాత చెప్పాడు. ఆ ఏడు మేము ఓడిపోని ఆట అదొక్కటే. ఆమదాలవలసలో రైలెక్కగానే నిద్రపోయాను. విజయనగరంలో కుదిపి లేపారు.

మరుసటి ఏడు వాళ్ళ జట్టు మా ఊరొచ్చింది. అతను నా మీద రెండు గోల్స్ వేశాడు. రెండోది తలతో కొట్టాడు. ఆట అయ్యాక మాస్టారు నన్ను అందరి ముందూ తిట్టారు. తల దించుకుని విన్నాను గాని, ఆ రోజు నాకేమీ బాధ కలగలేదు.