మూత బిగించని డబ్బాలు

బాన్సువాడలో కంప్యూటర్ కొనాలనుకున్న వాళ్లెవరైనా ముందు పండరితో పోట్లాడాల్సిందే. ఊరంతా పెద్ద కంపెనీ ప్రాసెసరే కావాలనేది. టీవీలో ప్రకటన వచ్చేది దానికే మరి. పండరికి మాత్రం ఆ పేరెత్తితే ఒళ్లు మండేది. రేడియోలు, టీవీలు బాగుచేస్తూ పెరిగిన మనిషి, తొంభై ఎనిమిదిలో బస్టాండు పక్కన కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. డబ్బాలో ఎవరికీ కనపడకుండా కూర్చునే ముక్కకు పేరేమిటి, పెట్టుపోతలేమిటి అని అతని వాదన. ప్రాసెసర్లు చేసే రెండో కంపెనీ ఒకటుంది, దానిది కూడా అంతే పని చేస్తుంది, ఇంకాస్త చురుగ్గానే చేస్తుంది అనేవాడు.

సర్వీసు సంగతేమిటని ఎవరైనా నసిగితే నవ్వేవాడు. పెద్ద కంపెనీకి నిజామాబాదులోనే కౌంటర్ ఉంది. పాడైన ముక్క ఇస్తే కొత్తది చేతిలో పెడతారు. రెండోదానికైతే సికింద్రాబాదు పోవాలి. పోయినా పలికే నాథుడుంటాడన్న నమ్మకం లేదు. అదంతా పండరికి తెలియక కాదు.

"ఖరాబైతె గద సర్వీసు. కానిదానికి ఫికర్ ఎందుకు?" అని కొట్టిపారేసేవాడు.

అవి ఉత్త మాటలు కూడా కావు. 2001 ఎండాకాలమంతా రెండు కంపెనీల మిషన్లు దుకాణంలో పక్కపక్కన పెట్టి, షటర్ ఎత్తింది మొదలు దించేదాకా నడిపించాడు. రెండోది ఒక్కసారి కూడా మొరాయించలేదు. వచ్చిన ప్రతివాడికీ చూపించి మురిసిపోయాడు. ఆ రెండు డబ్బాలకూ మూతలు మాత్రం లేవు. మెకానిక్కులందరి అలవాటే అది. పొద్దస్తమానం విప్పే డబ్బాకు మళ్లీ మరలు బిగించే ఓపిక ఎవరికుంటుంది? పైన సీలింగ్ ఫ్యాన్ గిరగిరా తిరుగుతుండేది. ఆ గాలి సంగతి అతని లెక్కలోకే రాలేదు.

అతని చెల్లెలు శ్రీలతను కోటగిరిలో ఇచ్చారు. ఆమె మొగుడు హన్మంతు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. టైపు నేర్చుకునేవాళ్లు కరువై, అదే గదిలో కంప్యూటర్ సెంటర్ పెడదామనుకున్నాడు. ఇది కూడా పోతే ఊళ్లో బతుకుదెరువు లేదు. ఇక దుబాయి పోవడమొక్కటే మిగులుతుంది. ఆ దిగులుతోనే వచ్చి పండరి ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు గీ కంపెనీలు తెల్వయి బావా. నువ్వేది అంటె గదే."

"రెండోదే పెడ్త. నా మాట మీద ఉండు."

ఉన్నాడు పాపం. దసరాకు ఆరు కొత్త మిషన్లకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. శ్రీలత గుడ్డ తెచ్చి ఒక్కోదానికి తొడుగు కుట్టింది, అంచులకు ఎర్ర పట్టీ కూడా వేసింది. టైపు మిషన్లకు ఆమె ఎప్పుడూ అలాగే కుట్టేది. కొత్త వస్తువు మీద దుమ్ము పడితే ఆమె ప్రాణం ఒప్పేది కాదు. అందుకని డబ్బాల తొడుగులు పూర్తిగా తీసేవారే కాదు. ముందువైపు పైకి మడిచి, మీట నొక్కి, పని కానిచ్చేవారు.

ఎండలు ముదిరి యాసంగి వరి కోతలు మొదలయ్యాయి. సెంటర్ ముందు రోడ్డు మీదే వడ్లు ఆరబోసి తూర్పారబట్టేవారు. ఆ పొట్టు అంతా కిటికీలోంచి నేరుగా లోపలికి వచ్చేది. మే నెలలో ఒక మిషన్ ఠక్కున ఆగిపోయింది. కొన్నాళ్లకు ఇంకొకటి. నెల తిరిగేసరికి నాలుగు పోయాయి. పండరి మాడిన ముక్కలు జేబులో వేసుకుని సికింద్రాబాదు పోతే, కౌంటర్లో మనిషి వాటిని తిప్పి కూడా చూడలేదు. కాలినదానికి వారంటీ లేదన్నాడు. మళ్లీ పోయేసరికి ఆ కౌంటరే ఎత్తేశారు.

అప్పుడు కోటగిరి వెళ్లి, తొడుగు లాగి, మూత విప్పి చూశాడు. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను పొట్టుతో బిగుసుకుపోయి ఉంది. తిరిగొచ్చి, తన దుకాణంలోని రెండు డబ్బాలకూ మొట్టమొదటిసారి మూతలు బిగించాడు. లోపలి ఫ్యాన్లు ఆపేసి, పైన దుప్పటి కప్పి నడిపించాడు. పెద్ద కంపెనీది నత్తలా నెమ్మదించింది గానీ ప్రాణం నిలుపుకుంది. రెండోది మాడు వాసన కొట్టి ఆరిపోయింది. ఊరితో పోట్లాడకముందే చేయాల్సిన పరీక్ష అది.

సెంటర్లో చేరినవాళ్లు ఒక్కరొక్కరే బాన్సువాడకు మారిపోయారు. హన్మంతు తలుపుకు తాళం వేసిన రోజు పండరి పోయి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వేడి బయటకు పోక మాడినయి బావా. తప్పు నాది. నేను మూతలు తీసి నడిపిన. మూత పెట్టి ఒక్కసారన్న చూడలె."

హన్మంతు తలూపుతూ విన్నాడు. వేడి బయటకు పోలేదన్న మాట ఒక్కటే అతని మనసులో నిలిచిపోయింది.

వానాకాలంలో దుబాయి బయలుదేరాడు. విమానం ఎక్కేముందు బొంబాయి నుంచి దుకాణానికి ఫోన్ చేశాడు.

"బావా, శ్రీలతను ఏమనకు. మంచిగుంటయనే తొడుగులు కుట్టింది. దానికేం ఎర్క."

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో నేరం ఎవరి నెత్తిన ఉందో పండరికి అప్పుడు తెలిసొచ్చింది. "తొడుగులు కాదు బావా, మూతలు, నేను..." అనేసరికే అవతల ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రమే కోటగిరి వెళ్లాడు. శ్రీలత గడపలో కూర్చుని తొడుగుల కుట్లు విప్పుతోంది. పండరి పక్కన చతికిలబడి, మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాడు. సీలింగ్ ఫ్యాన్ గురించి చెప్పాడు, దుప్పటి కప్పి చూసింది చెప్పాడు. ఆమె ఎర్ర పట్టీ చేతికి చుట్టుకుంటూ అంతా విన్నది.

"నువ్వు నాకు అన్నవైతివి. నా మీద పడొద్దని గట్లనే అంటవు," అంది.