బండి ఆపే చోటు

యాత్రికుల బస్సు నడిపే ఆ డ్రైవరుకు ఊళ్లోని చూడదగ్గ చోట్లన్నీ బయటినుంచే తెలుసు. మ్యూజియం అంటే ప్రహరీ వారగా నీడ, కోట అంటే నెత్తిన ఎండ. జనం దిగాక సీటు వెనక్కి వాల్చి, మొహాన తువ్వాలు కప్పుకుని కునుకు తీస్తాడు. ఆ కునుకులో బస్సు చప్పుడు లేకుండా తేలిపోతుంటుంది. సెలవురోజున భార్య అవన్నీ చూపించమని పట్టుబట్టింది. తీసుకెళ్లాడు గానీ, కోటలోకీ మ్యూజియంలోకీ ఆమెనొక్కదాన్నే పంపి బయటే కూర్చున్నాడు. చిత్రశాల గుమ్మంలో మాత్రం ఆమె అతని చెయ్యి వదల్లేదు. లోపల మంచు కమ్మిన నది, ఒడ్డున ఒంటరి చెట్టు ఉన్న బొమ్మ ముందు అతను చాలాసేపు నిలబడిపోయాడు.

"ఏంటంతలా చూస్తున్నారు?"

"బండి ఎక్కడ ఆపాలా అని."

ఆమె నవ్వలేదు. బొమ్మకేసి తనూ కాసేపు చూసి, "ఆ చెట్టు కింద ఆపండి. ఈసారి నేనూ దిగను," అంది.