బిడ్డను పొగడని గుర్వమ్మ

మా తోటికోడలు గుర్వమ్మ తనదైన దేన్నీ బాగుందని అనేది కాదు. మా గొర్ల మందలో బలమైన పిల్ల పుడితే "బక్కది, నిలువది" అనేది. కూర రుచిగా ఉందని ఎవరైనా అంటే, ఉప్పెక్కువైందనేది. మొదటి కాన్పులు రెండూ పురిట్లోనే పోయాయి. అప్పటి నుంచి ఆమెకు దిష్టి తప్ప వేరే భయం లేదు. ఆ తర్వాత ఆడపిల్ల పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చాటలో ఎత్తుకొచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టింది. అట్లా పెడితే చావు కూడా ఆ బిడ్డ వైపు చూడదని మా దిక్కు నమ్మకం.

నేను అట్లా చేయలేదు. నా బిడ్డకు సుగుణ అని పేరు పెట్టుకున్నాను. ఇద్దరూ ఒక ఈడు వాళ్లే, ఒకే బడి. "మీ సుగుణ ఫస్టు క్లాసులో పాసవుతుంది" అని రామచంద్రం సారు అంటే, బావి దగ్గరా గొర్ల దొడ్డి దగ్గరా కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పుకున్నాను. ఆరో తరగతి అయిన ఎండాకాలం అమ్మవారు పోసి, నా బిడ్డ నాకు లేకుండా పోయింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గుర్వమ్మ మాత్రం అప్పటి నుంచి తన బిడ్డను ఇంకా ఎక్కువగా తిట్టసాగింది. "ఓ మొద్దు ముఖమా", "ఓ దద్దమ్మా" అని ఆమె కేకేసినప్పుడల్లా, నువ్వు పొగిడావు కాబట్టే పోయింది అని నాతో అంటున్నట్టే ఉండేది. నా కడుపు మండేది. ఆమెకు తిట్టడానికైనా ఒక బిడ్డ ఉంది.

మరుసటి ఏడు పెంటమ్మ ఏడో తరగతికి వచ్చింది. మా ఊరి బడి అక్కడితో సరి. ఆపైన చదవాలంటే పాలమూరులో ఆడపిల్లల బడి ఉంది, హాస్టలు ఉంది. పరీక్షలకు ముందే ఊరి సారు రాసిచ్చిన చిట్టీ చూసి, పిల్లతో మాట్లాడి సీటు ఇస్తారు. సీటు రాకపోతే పెంటమ్మ మంద వెంట పోవలసిందే. మేనమామ ఇంటి నుంచి పెళ్లి కబురు అప్పటికే వచ్చి ఉంది.

రామచంద్రం సారు చిట్టీ రాసి, చదివి వినిపించాడు. థర్డు క్లాసులో పాసు కావచ్చు, లెక్కల్లో బాగా వెనుకబడి ఉంది అని అందులో ఉంది. పెంటమ్మ ముఖం వాడిపోయింది. గుర్వమ్మ మాత్రం సంబరపడింది.

"మంచిగ రాసిండు సారు. గిట్లుంటే ఎవ్వరి కండ్లు పడయ్" అని చిట్టీని కొంగున ముడేసుకుని, నా దగ్గరికొచ్చింది. "అక్కా, జర ఎంట రావే. పాలమూర్ల నాకు జాగలు తెల్వయ్."

వెళ్లాను. సీటు రాకపోతే కళ్లారా చూద్దామని కూడా వెళ్లాను. బస్సులో పెంటమ్మ కిటికీ పక్కన కూర్చుంది. అక్కడ కూర్చోవలసింది నా సుగుణ అని దారి పొడుగునా అనుకున్నాను.

బడిలో మమ్మల్ని పిలిచిన పెద్ద టీచరమ్మ పేరు శ్యామలమ్మ. కళ్లద్దాలు సవరించుకుని చిట్టీ చదివింది.

"థర్డు క్లాసు అని రాశారే మీ సారు. లెక్కలు రావా నీకు?"

పిల్ల నోరు తెరవక ముందే గుర్వమ్మ అందుకుంది. "దీనికేమస్తది తల్లీ! మట్టి బుర్ర. తినుడు, పండుడు. మా గొర్రెపిల్లకున్న తెలివి సుత లేదు."

"మరి ఎందుకు తీసుకొచ్చావమ్మా?"

"ఏందో, సారు పొమ్మంటే అచ్చినం" అని గుర్వమ్మ నవ్వింది. తన బిడ్డను తాను కాపాడుకున్నానన్న ధీమా ఆ నవ్వులో ఉంది.

టీచరమ్మ ఆ చిట్టీని తీసి మిగతా కాగితాల అడుగున పెట్టింది. అది చూసి నా కడుపు చల్లబడింది.

పెంటమ్మ కదలలేదు. "మా అమ్మ గట్లనే అంటది టీచరమ్మా, నాకు దిష్టి తగుల్తదని. సారు రాసింది మాత్రం నిజమే. నాకు భిన్నాలు రావు."

"ఎందుకు రావు?"

"పోయినేడు చలి పోంగనే మంద ఎంట కిష్ణ ఒడ్డుకు మేతకు పోయినం. మేం మర్లి వచ్చేటాళ్లకు బడిల భిన్నాలు అయిపోయినయ్."

"అయితే మీ సారుది తప్పా?"

"కాదు. అడిగితే మళ్ల చెప్తుండె. నేనే అడగలె, సిగ్గయింది. చిట్టీల గట్ల రాసినంక అడుగుతున్న. కూడుడు వచ్చింది. తీసేసుడుల ఇంక తప్పులు పోతున్నయ్."

"ముప్పావులోంచి సగం తీసేస్తే?"

పిల్ల అరచేతిలో వేలితో రాసుకుంది. "సగం" అన్నది. వెంటనే తల ఊపింది. "ఉండుర్రి, తప్పు చెప్పిన." మళ్లీ రాసుకుంది. "పావు."

టీచరమ్మ అడుగున పెట్టిన చిట్టీని పైకి తీసింది. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వెవరమ్మా?"

"పెద్దమ్మను."

"తల్లి ఏమీ రాదంటుంది. పిల్ల నేర్చుకుంటానంటుంది. నువ్వు చెప్పు, ఈ పిల్ల ఇక్కడ నిలుస్తుందా? నడుమ మంద వెంట పోతుందా?"

గుర్వమ్మ వెనుక నుంచి నా కొంగు పట్టి గుంజింది. నేను ఏమనాలో నాకు తెలుసు. "ఏం రాదు" అనాలి. బిడ్డను పోగొట్టుకున్న ఆడదాని నోట పొగడ్త గుర్వమ్మకు పాముకాటు కంటే ఎక్కువ. ఆ ఒక్క మాట అంటే గుర్వమ్మ సంతోషిస్తుంది, నా కడుపుమంటా చల్లారుతుంది, నన్ను తప్పు పట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

కాని ఆ పిల్ల ఇంకా అరచెయ్యి చాపుకునే నిలబడి ఉంది. లెక్క తప్పు పోతే నా సుగుణ పలకను లంగా చాటున దాచుకునేది. "తప్పు చెప్పిన" అని నలుగురి ముందు అనడం దానికి చేతనయ్యేది కాదు. అది తలుచుకుంటే నాకు ఇంకా మండింది. ఆ మంటలోనే మాట బయటికి వచ్చేసింది.

"పట్టు పడితే విడువది టీచరమ్మా. నా బిడ్డకన్న గట్టిది."

నా కొంగు వదిలేసింది గుర్వమ్మ.

పరీక్ష పాసై, ఎండాకాలమంతా భిన్నాలు నేర్చుకుని రావాలని చెప్పి టీచరమ్మ పేరు రాసుకుంది. తిరుగు బస్సులో గుర్వమ్మ పిల్లను నాకు అవతలి వైపు కూర్చోబెట్టుకుని, తల మీద తన కొంగు కప్పింది.

ఇంటికి రాగానే, దీపాల వేళకు, ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట పట్టి పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు మాడిపోయినా ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని మా లెక్క.

"చూసినవా అక్కా? ఒక్క దగ్గు రాలె. ఎంత దిష్టో!"

"నాదే" అన్నాను.

"నీదే. నాకు తెల్వదా?" పొయ్యిలోకే చూస్తూ కట్టెను లోపలికి తోసింది. "తల్లి దిష్టి తగిలినట్టు ఇంకెవ్వరిది తగులది."

పెంటమ్మ నవ్వింది. "ఇద్దరు తల్లుల దిష్టి తీసేటాళ్లకు ఇంట్ల మిర్పకాయలన్ని ఒడుస్తయ్."

"నోరు ముయ్యే దద్దమ్మా!" అన్నది గుర్వమ్మ.

సారు రాసినట్టే పెంటమ్మ థర్డు క్లాసులోనే పాసయింది. అయినా సీటు పోలేదు. వానాకాలం మొదట్లో రేకు పెట్టె పట్టుకుని ముగ్గురం రోడ్డు మీదికి వచ్చాం. బస్సు వచ్చింది. పెంటమ్మ ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో అటుకుల మూట పట్టుకుని మెట్టు ఎక్కలేక తడబడింది.

"పైలంగ ఎక్కు, మొద్దు ముఖమా!" అన్నాను నేను.

గుర్వమ్మ మాటే నా నోట అంత గట్టిగా వచ్చిందని అన్నాక తెలిసింది. గుర్వమ్మ చటుక్కున నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"దాన్ని తిట్టేటందుకు నేను లేనా అక్కా?" అన్నది.