పత్తి చేనుకు పోని పిల్లలు

ఎనిమిదేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. నా పెండ్లాముకు సుత చెప్పలె. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న. జర ఆఖరిదాక విను.

నార్కట్‌పల్లి దిక్కు ఒక ఊళ్లె సర్కారు బడి పంతులును నేను. ఆ ఏడు యూనివర్సిటీవాళ్లు, జిల్లా విద్యాశాఖవాళ్లు కలిసి బడిబడి తిరిగిన్రు. పిల్లలల్ల ఒక్కొక్కరితోని పాఠం చదివిచ్చి, ఎంత చదివిన్రో ట్యాబ్‌ల ఎక్కిచ్చుకునుడు వాళ్ల పని. చదువురాని పిల్లలు ఎక్కువున్న బడికి ఇంకో టీచరును ఇస్తమని ముందుగాల్నే చెప్పిన్రు. నేను విన్న. విన్నగని, నమ్మిన్నా? పైనుంచి ఎవలొచ్చినా తప్పులు పట్టనీకె వస్తరని నా బుర్రల వడ్డది. తనిఖీ దినం చదువురానోళ్లను ఇంటికాడ ఉండుమనుడు మాకు రివాజు. ఏడుగురికి చెప్పిన. అండ్ల నాలుగో తరగతి మంజుల ఒకతి. కూడబలుక్కుంట చదువుత, వస్త అని ఏడ్సింది. నేను కసిరిన. దవాఖానకు పోయి నొప్పి లేదని చెప్పినట్టు చేసిన.

ఏడుగురు ఎందుకు రాలేదని యూనివర్సిటీ మేడం అడిగింది. అమ్మానాయినలు పత్తి ఏరనీకె తోల్కపోయిన్రన్న. పాపం, ఆమె అది గూడ ఎక్కిచ్చుకున్నది. మా బడిల చదువు బాగనే ఉన్నది, హాజరే తక్కువని తేలింది. రావాల్సిన టీచరు పక్కూరికి పోయిండు. మాకు మీటింగు వచ్చింది, పిల్లలను పనికి తోల్కపోవద్దని అమ్మానాయినలకు చెప్పనీకె.

మీటింగుల మంజుల తల్లి యాదమ్మను అందరి ముంగట నిలవెట్టిన్రు. కూలికి పోయి బతికే మనిషి. ఆమె అధికార్ల దిక్కు చూడలె, నా దిక్కే చూసింది.

"నేనెన్నడు నా బిడ్డను చేనుకు తోల్కపోలె సారూ. మీరే ఇంటికాడ ఉండుమన్నరంట గదా?"

"నేనెందుకంట యాదమ్మా? పిల్లలు ఏమన్న చెప్తరు."

ఆమె నా మాటనే నమ్మింది. సారు అబద్ధమాడడు, బిడ్డనే ఆడిందనుకున్నది. తెల్లారి మంజుల చేతుల మీద వాతలు చూసిన. చూసి, నల్లబోర్డు దిక్కు తిరిగి పాఠం చెప్పుకుంట పోయిన.

దేనికి భయపడ్డ నేను? నౌకరి పోతుండెనా? పోదు. మహా అయితే నలుగురిల ఒక మాట పడుదును. థూ, గా ఒక్క మాటకు భయపడి ఏడుగురు పిల్లల నోటికాడి చదువు గుంజుకున్న అని ఎన్నిసార్లు అనుకున్ననో, అనుకున్న ప్రతిసారి పక్క బడి పంతుళ్లు గిట్ల చెయ్యలేదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్న. మంజుల పెద్దబడికి పోయింది. అక్కడ చదవలేక ఇడిసిపెట్టింది. ఇప్పుడు నిజంగనే పత్తి ఏరవోతుంది.

ఇయ్యాల తొవ్వల యాదమ్మ ఎదురువడ్డది. బాగున్నరా సారూ అని దండం పెట్టింది. ఇంటికొచ్చి గిది రాస్తున్న. రాస్తుంటే పానం జర నిమ్మళమైతాంది. మాఫీ అడుగుత లేను, అడిగే మొకం లేదు.

నీ బిడ్డ అబద్ధం చెప్పలె యాదమ్మా. నేను చెప్పిన.