దొరసాని జూలు

గుర్రం మొహం చూసింది హులిగెమ్మ ఒక్కతే. ఓబుళేశు ఎప్పుడూ మెడే చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొగుడూ పెళ్ళాల మధ్య తెగని తగువేదైనా ఉందంటే అదొక్కటే.

ఆదోనిలో, పత్తి మిల్లుల వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఇల్లంటే ఒక గది, దాన్ని ఆనుకొని గుర్రాన్ని కట్టే కొట్టం. గది కారితే కారనీ అని కొట్టానికి కొత్త రేకులు వేయించే రకం ఓబుళేశు. ఆ రేకుల కింద ఉండేది దొరసాని. తెల్లటి ఆడ గుర్రం. పెళ్ళికొడుకులను మోయడం దాని పని, దానికి ఊడిగం చేయడం వీళ్ళ పని. పిల్లలు లేని ఇల్లు కాబట్టి అలకలూ పంతాలూ ముద్దుమురిపాలూ అన్నీ దానివే.

పెళ్ళిళ్ళ కాలం వస్తోందంటే దాని జూలు పీకాలి. కత్తిరించొచ్చు కదా అంటారేమో, కత్తిరిస్తే చీపురు పొరక మాదిరి నిక్కి నిలబడుతుంది. వదిలేస్తే దట్టంగా పెరిగి మెడకు రెండు పక్కలా పడి చిక్కులు కడుతుంది. పెళ్ళివాళ్ళకు రెండూ పనికిరావు. జూలు పలచగా, పొట్టిగా, మెడకు ఒకే పక్కన అణిగి ఉండాలి. అప్పుడే సన్నసన్నటి జడలు అల్లి, జరీ దారం చుట్టి, పూలు గుచ్చడానికి వీలవుతుంది. అందుకని కాసిన్ని వెంట్రుకలు వేలికి చుట్టుకొని కుదుళ్ళతో సహా ఒక్క గుంజు గుంజాలి. మళ్ళీ కాసిన్ని, మళ్ళీ గుంజు. అట్లా మెడ పొడుగునా. ఓబుళేశు తాత అట్లాగే పీకాడు, తండ్రి అట్లాగే పీకాడు, కాబట్టి ఓబుళేశూ అట్లాగే పీకేవాడు.

మరి పీకుతుంటే గుర్రం నిలవాలి కదా. దానికీ పెద్దలు ఒక ఉపాయం చెప్పిపోయారు. కర్ర చివర తాడుతో ఉచ్చు కట్టి, గుర్రం పై పెదవిని ఆ ఉచ్చులో ఇరికించి కర్రను మెలిపెడతారు. మెలి బిగిసేకొద్దీ గుర్రం మత్తు కమ్మినట్టు నిలబడిపోతుంది. ఆ కర్ర పట్టుకొని ఎదురుగా నిలబడడం హులిగెమ్మ వంతు.

ఎదురుగా నిలబడినవాళ్ళకు మొహం కనిపిస్తుంది. ఓబుళేశు గుంజినప్పుడల్లా దొరసాని ముక్కుపుటాలు ముడుచుకునేవి. కంటిపైన చర్మం ముడతలు పడేది. చెవులు వెనక్కి వాలేవి. గుంజుడు ఆగగానే అవన్నీ సర్దుకునేవి, మళ్ళీ గుంజగానే మళ్ళీ అంతే. హులిగెమ్మ ఆ సంగతి మొగుడికి ఒకసారి కాదు, పీకిన ప్రతిసారీ చెప్పింది.

“నొప్పి పుడతాండాది దానికి. ఈడికొచ్చి మొహం సూడు.”

“నొప్పుంటే గమ్మునుంటాదా మే? ఒక్క తన్ను తన్నిందంటే పోయి ఆలూరులో పడతా నేను. నొప్పయితే అదే చెప్తాది లే.”

ఆ ఉచ్చు తీసేసి పీకి చూడు, అప్పుడు చెప్తుందో లేదో తెలుస్తుంది అని ఆమె అనేది. ఉచ్చు లేకుండా పీకేవాడు ఎవడైనా ఉంటాడా అని అతను నవ్వేవాడు. అంతటితో మాట ఆగిపోయేది. అట్లాగని ఓబుళేశు కసాయివాడేం కాదు. దొరసానికి కడుపునొప్పి వస్తే ఒక రాత్రంతా కొట్టంలోనే దాన్ని తిప్పుతూ గడిపినవాడు. పీకడం అయిపోగానే బెల్లం ముక్క తినిపించి, మెడంతా అరచేత్తో నిమిరేవాడు. జూలులో నొప్పి ఉండదని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. నమ్మినవాడితో ఎవరు వాదిస్తారు?

హులిగెమ్మ ఆలూరు పక్క పల్లె నుంచి పెళ్ళయి వచ్చిననాడు రైలు స్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. కొత్త పెళ్ళికూతుర్ని ఓబుళేశు తన జట్కాలోనే ఎక్కించుకొని, తనే తోలుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. ఊరంతా నవ్వింది. తర్వాత ఆటోలు వచ్చాయి. జట్కా ఎక్కడానికి ముసలివాళ్ళు కూడా మొహం చాటేశారు. పక్క సందుల్లో ఒక్కొక్క కొట్టమే ఖాళీ అవుతూ వచ్చింది. ఓబుళేశు బండి అమ్మేశాడు గాని గుర్రాన్ని వదలలేకపోయాడు. అది ముసలిదై పోయాక, కళ్ళకు నిండుగా ఉందని ఈ తెల్లపిల్లను తెచ్చాడు. బ్యాండు మేళం నడిపే దాసన్న, పెళ్ళి ఊరేగింపులకు దీన్ని తెస్తే చాలు, నువ్వు మళ్ళీ బండి జోలికి పోనక్కర్లేదన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

జడలు అల్లేది హులిగెమ్మ. ఆ పనిలో ఆమెకు పేరుంది. సొంత కూతురికి జడ వేస్తున్నంత మురిపెంగా, కూనిరాగం తీస్తూ అల్లేది. అల్లుతున్నంతసేపూ దొరసాని తన మూతిని ఆమె భుజం మీద ఆనించి నిలబడేది. పెదవికి ఉచ్చూ లేదు, కర్రా లేదు, తనంతట తానే. హులిగెమ్మకు బతుకులో గర్వంగా అనిపించినవి ఏవైనా ఉంటే వాటిలో ఆ బరువు ఒకటి.

రెండువేల ఆరులో, ఆషాఢమాసం. పెళ్ళిళ్ళు లేక తీరిగ్గా ఉన్న రోజులు. ఓబుళేశు గుర్రానికి ఉలవలు ఉడకబెడుతూ, పొయ్యి పక్కనే ఒరిగిపోయాడు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం నిలిచింది గాని కుడి పక్కంతా చచ్చుబడిపోయింది. మాట పోయింది. మిగిలింది ఒకే ఒక్క అరుపు. ఆకలైనా ‘ఆ’, దాహమైనా ‘ఆ’, కోపమొచ్చినా ‘ఆ’. వాగుడుకాయ అని పేరు పడ్డ మనిషి. ఆ ‘ఆ’ దేనికో పోల్చుకోలేక హులిగెమ్మ మొదట్లో కొట్టం చాటుకు పోయి ఏడ్చేది. ఏడ్చి మాత్రం ఏం చేస్తుంది, మొహం కడుక్కొని వచ్చి మళ్ళీ అడిగేది.

శ్రావణం వచ్చింది. దాని వెనకే దాసన్న వచ్చాడు. బట్టల అంగడి నాగసుబ్బయ్య సెట్టి కొడుకు మురళికి పెళ్ళి కుదిరిందనీ, తెల్లగుర్రం మీద ఊరేగాలని పిల్లవాడు ముచ్చట పడుతున్నాడనీ చెప్పాడు. చెప్పి, కొట్టంలోకి తొంగి చూసి నాలుక కరుచుకున్నాడు. ఓబుళేశు పడిపోయిన దగ్గర నుంచి దొరసానిని పట్టించుకున్నవాళ్ళు లేరు. జూలు అడ్డదిడ్డంగా పెరిగి కళ్ళమీద పడుతోంది.

ఈసారికి ఇట్లాగే దువ్వి తీసుకొస్తానని హులిగెమ్మ బతిమాలింది. దాసన్న చెడ్డవాడు కాదు, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. సెట్టిగారింట్లో ఫోటోలు చూసి మరీ ఒప్పుకున్నారు. జడలు అట్లాగే ఉండాలన్నారు. కాదంటే తను బళ్ళారి నుంచి గుర్రాన్ని తెప్పించక తప్పదు.

“అక్కా, అది ఒకసారి వచ్చిందంటే ఇంక అన్ని పెళ్ళిళ్ళకూ అదే వస్తాది. ఎమ్మిగనూరు దోవలో ఇటికెల బట్టీ ఆయప్ప దీన్ని అడుగుతానే ఉండాడు. ఆలోచించుకో.”

ఆలోచించడానికి ఏముంది? బట్టీలో ఇటుకల బండి లాగే గుర్రాలను హులిగెమ్మ చూసింది. వీపుల మీద పుండ్లు, పుండ్ల మీద ఈగలు. దొరసాని అక్కడికి పోతే పట్టుమని ఏడాది బతకదు. జూలు పీకితే ఇంట్లో ఉంటుంది, పీకకపోతే బట్టీకి పోతుంది. ఆమె ముందున్నది అంతే.

అయినా మొండిది. ముందు కత్తెర పట్టింది. భుజం దగ్గర, ఎవరికీ కనిపించని చోట, పిడికెడు కత్తిరించి చూసింది. అందరూ చెప్పినట్టే అయింది, ఆ మేర జూలు పొరకలా లేచి నిలబడింది. నీళ్ళు చల్లినా నూనె రాసినా అణగలేదు. ఇంక పీకడం ఒక్కటే దారి.

ఉచ్చు లేకుండా పీకింది. కర్ర పట్టుకోవడానికి మనిషి లేక కాదు, పిలిస్తే ఎవరైనా వస్తారు. ఇన్నేళ్ళూ మొగుడితో అన్న మాట చేసి చూడాలనుకుంది. కొంచెం వెంట్రుకలు వేలికి చుట్టి గుంజింది. దొరసాని తల ఎగరేసి పక్కకు జరిగింది. ఇంకోసారి గుంజింది. ఈసారి ఆమెను ఒంటితో గోడకేసి అదిమింది. తన్నలేదు, కరవలేదు. మెడ తిప్పి ఆమెవైపు చూసింది, అంతే.

నేను చెప్పిందే నిజమైంది అనుకుంది హులిగెమ్మ. నిజమైనందుకు సంతోషం కలగలేదు. ‘చూడప్పా, నొప్పని అదే చెప్పింది’ అని మొగుడి దగ్గరికి పోయి ఎత్తిపొడవాలి కదా. ఎవరిని ఎత్తిపొడుస్తుంది? మంచంలో నోరు వంకరపోయి పడున్న మనిషినా?

చేయగలిగినవన్నీ చేసింది. మెడకు వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టి పీకింది. కాసేపు పరిగెత్తించి ఒళ్ళు వెచ్చబడ్డాక పీకింది. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం అని పీకింది. వేడి కాపడానికి కాస్త నయమేమో అనిపించింది, అనిపించడమే గాని తేలలేదు. చివరికి ఏమైందంటే, హులిగెమ్మ దువ్వెన చేత్తో పట్టుకొని కొట్టంలో అడుగు పెడితే చాలు, దొరసాని చెవులు వెనక్కి వాలిపోవడం మొదలైంది. భుజం మీద మూతి ఆనించడం మానేసింది. ఆమె దగ్గరికి పోతే గోడవైపు తిరిగి నిలబడేది.

ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు పాలుపోలేదు. గుర్రం అలిగిందని ఏడిస్తే నవ్వుతారు కదా జనం.

పెళ్ళి దగ్గర పడుతుండగా ఒకనాడు ఓబుళేశుకు తల దువ్వుతోంది. పడుకునే ఉండడంతో వెనకవైపు జుట్టంతా ఉండ కట్టుకుపోయింది. చిక్కు విడదీయబోతే దువ్వెన ఇరుక్కుంది. గట్టిగా లాగింది. అతను కిక్కురుమనలేదు. ఎందుకో వంగి మొహంలోకి చూసింది. కంటిపైన చర్మం ముడతలు పడి ఉంది.

ఆమె చేతిలోని దువ్వెన అట్లాగే ఆగిపోయింది.

“నొప్పైతాండాదా?” అని అడిగింది. అతని కుడి కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. జబ్బు చేసిన దగ్గర నుంచి ఆ కన్ను ఊరికే కారుతూనే ఉంటుంది, కాబట్టి దాన్నిబట్టి ఏమీ తెలియదు. రోజూ దువ్వుతూనే ఉంది ఆమె. రోజూ ఇట్లాగే గుంజిందేమో. ఇన్ని రోజులూ అతనికి నొప్పి పుట్టిందో లేదో భగవంతుడికే ఎరుక. ఆమె ఆ ఉండ జోలికి పోకుండా పైపైన దువ్వి లేచిపోయింది.

ఎదుర్కోలు ముందురోజు పొద్దున దాసన్న వచ్చి చూశాడు. జూలు సగం కూడా పలచబడలేదు. సాయంత్రానికి బళ్ళారివాళ్ళకు మాట చెప్పాలని మాత్రం గుర్తుచేసి పోయాడు.

హులిగెమ్మ చాలాసేపు గడపలో కూర్చుంది. తర్వాత లేచి, చూరులో దాచిన ఉచ్చుకర్ర తీసింది. గదిలో ఉక్కగా ఉందని ఓబుళేశు మంచాన్ని కొట్టం ముందుకు జరిపింది. దొరసాని పెదవిని ఉచ్చులో ఇరికించి మెలిపెట్టి, కర్రను దాని తలకున్న పగ్గానికి బిగించి కట్టింది. గుర్రం కళ్ళు మగతగా వాలాయి. ఆమె పక్కకు వెళ్ళి, మొగుడు ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది.

అక్కడి నుంచి మెడ ఒక్కటే కనిపిస్తోంది. తెల్లగా, నున్నగా, కదలకుండా. గుంజింది, గుర్రం కదలలేదు. మళ్ళీ గుంజింది. ఎంత గుంజినా దానికి ఏమీ అవుతున్నట్టే లేదు. ఇన్నేళ్ళూ ఓబుళేశుకు కనిపించింది ఇదన్నమాట. అతను అబద్ధం చెప్పలేదు, పాపం, అతనికి కనిపించిందే చెప్పాడు. అది తలుచుకునేసరికి ఆమెకు గుండె చెరువైంది.

అప్పుడు మంచం మీద నుంచి అరుపు వచ్చింది. “ఆ!”

హులిగెమ్మ తల ఎత్తింది. మంచం గుర్రానికి సరిగ్గా ఎదురుగా పడి ఉంది. ఓబుళేశు కళ్ళు దొరసాని మొహం మీదే ఉన్నాయి. ఎడమ చెయ్యి గాలిలోకి లేచి ఉంది.

“ఏంది? ఆపమంటావా?”

“ఆ!”

“పీకమంటావా?”

“ఆ!”

అదే అరుపు, అదే గొంతు. ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. నీకు కనిపిస్తోందా దాని మొహం, చెప్పు అంది. ఆపమంటే ఆపేస్తాను, బట్టీకి పంపేద్దాం, నువ్వే చెప్పు అంది. అతను ఆమెను చూశాడు, గుర్రాన్ని చూశాడు. కుడి కంటి నీళ్ళు ఎప్పట్లాగే కారుతున్నాయి.

ఎండ వాలిపోతోంది. హులిగెమ్మ ఆ చేతిని దుప్పటి మీద పెట్టి, కొంగుతో అతని మొహం తుడిచి, తిరిగి గుర్రం పక్కకు వచ్చింది. కాసిన్ని వెంట్రుకలు వేలికి చుట్టుకుంది. మెడ చివరికంటా పీకేదాకా ఆ అరుపు వస్తూనే ఉంది. ఆమె మళ్ళీ తల ఎత్తలేదు.

మర్నాడు ఊరేగింపులో దొరసానిని చూసి జనం కళ్ళు తిప్పుకోలేకపోయారు. జరీ జడలు, జడజడకూ మల్లెలు. బ్యాండు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా, టపాకాయలు పేలుతున్నా గుర్రం తల వంచుకొని నడిచింది. కళ్ళెం పట్టుకొని పక్కన హులిగెమ్మ నడిచింది. నాగసుబ్బయ్య సెట్టి మురిసిపోయి ఆమె దగ్గరికి వచ్చాడు.

“గుర్రం శానా నెమ్మదమ్మా. ఇంత నెమ్మదైనది నేను యాడా చూడలేదు.”

“అవును సెట్టిగారూ,” అంది హులిగెమ్మ. “ఏం చేసినా ఏమీ అనదు.”